లాయరు ఫీజు ఏ లెక్కలోకి వస్తుంది?

ఇంటి ఖర్చుల పుస్తకం రాసే అలవాటున్న వాళ్ళకి నా బాధ ఇట్టే అర్థమవుతుంది. పాలు, కూరలు, గ్యాసు, పిల్లల ఫీజులు, చీటీ కట్టింది, ఇలా దేని వరుస దానిదే. ఏ వరుసలోనూ ఇమడని ఖర్చు వచ్చినప్పుడే పెన్ను ఆగిపోతుంది. మా అమ్మ గుంటూరులో అద్దెకివ్వడానికని ఫ్లాటు కొనుక్కున్నప్పుడు నాకు అలా ఆగిపోయింది. ఆ ఖర్చు పేరు లాయరు ఫీజు. అది పోయిన డబ్బా, ఇంటి ధరలో కలిసిన డబ్బా, అద్దె మీద పన్ను కట్టేటప్పుడు తీసేసుకోవచ్చా? ఈ మూడు ప్రశ్నలు అడిగింది నేను కాదండీ, డెబ్భై దాటిన మా అమ్మ. నాన్నగారు ఉన్నన్నాళ్ళూ బ్యాంకు పాస్‌బుక్కు తెరిచి చూడని మనిషి.

నాన్నగారు పోయాక వచ్చిన డబ్బూ, ఊళ్ళో ఇంటి స్థలం అమ్మగా వచ్చిన డబ్బూ కలిపి అమ్మ పేరున డిపాజిట్‌లో ఉంది. "వడ్డీ ఏటేటా తగ్గుతోంది, అద్దె అయితే ఏటేటా పెరుగుతుంది కదే" అని అమ్మ వాదన. వచ్చే ఫ్యామిలీ పెన్షన్ మందులకీ, పనిమనిషికీ సరిపోతుంది. మనవలకి పండక్కి ఏమన్నా పెట్టాలన్నా, నాలుగు రోజులు కాశీ వెళ్ళాలన్నా కొడుకునో కూతురినో అడగాలి. అడగకుండా బతకాలని ఆవిడ కోరిక. నాకది చాలా న్యాయంగా అనిపించింది.

పదేళ్ళ పాత అపార్ట్‌మెంటులో ఒక ఫ్లాటు నచ్చింది. మెట్రెస్సులా మెత్తగా మాట్లాడే బ్రోకరు, మర్యాదస్తులైన అమ్మకందార్లు, బాల్కనీలోకి పొద్దుటి ఎండ. అన్నీ కుదిరాయి. లాయరుకి కాగితాలు చూపిద్దామని నేనంటే అన్నయ్య నవ్వాడు. "ఆ అపార్ట్‌మెంట్లో అన్ని ఫ్లాట్లూ అమ్ముడుపోయాయి. సగం మందికి బ్యాంకు లోన్లు కూడా వచ్చాయి. బ్యాంకు వాళ్ళు చూడకుండా ఇస్తారా? మళ్ళీ మనం వేలు పోసి చూపించడమెందుకు?" అన్నాడు.

వినడానికి బాగానే ఉంటుంది. కానీ బ్యాంకు తన అప్పు తిరిగొస్తుందా అని చూసుకుంటుంది. అమ్మ లోను తీసుకోవడం లేదు, ఉన్నదంతా ఒకే చోట పెడుతోంది. "ఎనిమిది వేలే కదరా, నా పెన్షన్‌లోంచి ఇస్తాలే" అని అమ్మే తేల్చేసింది. అడ్వాన్సు ఇవ్వకముందే కాగితాల జిరాక్సులన్నీ ఒక లాయరమ్మగారికి ఇచ్చాం.

ఆవిడ పని చూస్తే మనం బియ్యంలో రాళ్ళు ఏరే పద్ధతే గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళ ఈసీ తీయించారు. లింకు డాక్యుమెంట్లు పాతవాటి నుంచి కొత్తవాటి దాకా వరసగా పేర్చారు. ఈసీలో ఏ తప్పూ లేదు. అసలు చిక్కు ఈసీలో కనపడనిది. ఆ స్థలం అసలు యజమాని వీలునామా రాయకుండా పోయాడు. తర్వాత ఆయన భార్య, ఇద్దరు కొడుకులు సంతకాలు పెట్టి బిల్డరుకి డెవలప్‌మెంటుకి ఇచ్చారు. "ఈయనకి ఆడపిల్లలు లేరా?" అని లాయరమ్మగారు అడిగారు. ఎవరికీ తెలీదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెప్పించమన్నారు. వచ్చింది. ఇద్దరు కూతుళ్ళున్నారు. ఏ కాగితంలోనూ వాళ్ళ సంతకం లేదు.

మనలో చాలామంది ఆడపిల్లకి ఆస్తిలో వాటా అనగానే 2005 చట్టమనో, ఎన్టీఆర్ హయాంలో వచ్చిన మార్పనో అనుకుంటాం. అవి పిత్రార్జితం సంగతి. తండ్రి తన సొంత సంపాదనతో కొన్నది వీలునామా లేకుండా వదిలేసి పోతే భార్యతోనూ కొడుకులతోనూ సమానంగా కూతుళ్ళకీ వాటా ఉందని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. పెళ్ళయిందా, కట్నం ఇచ్చారా అన్న ప్రశ్న అందులో లేదు. "కేసు పడుతుందని నేను చెప్పను, పడదనీ చెప్పలేను. పడితే మాత్రం ఈ వయసులో మీరు కోర్టు మెట్లెక్కాలి. ఆ ఇద్దరి చేతా హక్కు వదులుకుంటున్నట్టు రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేయిస్తే తీసుకోండి, లేకపోతే వద్దు" అన్నారావిడ.

అమ్మకందార్లు పాపం ప్రయత్నం చేశారు. పెద్దావిడ సంతకం పెడతానన్నారట. చిన్నావిడ మాత్రం, "మా నాన్న పోయి ఇన్నేళ్ళయ్యాక ఇవాళ నేను గుర్తొచ్చానా?" అని ఫోను పెట్టేశారట. అన్నయ్య ఈ మాట చెప్పి, "చూశావా, ఆశ" అన్నాడు.

అమ్మ వెంటనే ఏమీ అనలేదు. కాసేపయ్యాక, "ఆవిడ అడిగిన దాంట్లో తప్పేముందిరా?" అంది. తాతగారు పోయిన ఏడాది మా అమ్మ కూడా పుట్టింటికి వెళ్ళి సంతకం పెట్టి వచ్చింది. వెంకటగిరి చీర, పసుపు కుంకుమ, బిందె నిండా సున్నుండలు పెట్టి పంపారు. ఏ కాగితం మీద పెట్టిందో చదవలేదు, చదవమని ఎవరూ అనలేదు. ఆ చీర ఇప్పటికీ ఉంది. ఆ సంగతి మాకు అమ్మ చెప్పడం అదే మొదటిసారి. అన్నయ్య ఆ తర్వాత ఆ ఫ్లాటు ఊసెత్తలేదు.

అలా మొదటి ఫ్లాటు వద్దనుకున్నాం. నాలుగు నెలలకి ఇంకోటి దొరికింది. అదే లాయరమ్మగారు, ఈసారి పన్నెండు వేలు. కాగితాలన్నీ శుభ్రంగా ఉన్నాయని రాతపూర్వకంగా లీగల్ ఒపీనియన్ ఇచ్చారు. నలభై లక్షలకి రిజిస్ట్రేషన్ అయింది. పన్నెండు వేల అద్దెకి ఒక బ్యాంకు ఉద్యోగుల కుటుంబం దిగారు. ఇక అప్పుడు మొదలైంది అమ్మ లెక్కల క్లాసు.

మావారి స్నేహితుడొకాయన ఆడిటరు. అమ్మ ఆయన్ని భోజనానికి పిలిచి, గుత్తొంకాయ కూర వడ్డిస్తూ అడిగింది: "బాబూ, లాయరుకి మొత్తం ఇరవై వేలిచ్చాను. అద్దెలోంచి అది తీసేసి మిగతా దానికే పన్ను కదా?"

"కాదండీ" అన్నారాయన. ఆయన చెప్పింది నేను వంటింటి భాషలోకి మార్చి రాస్తున్నాను.

ఇంటి అద్దె మీద ఆదాయపు పన్ను లెక్క వ్యాపారం లెక్కలా ఉండదు. ఏడాది అద్దె 1,44,000. అందులోంచి మనం కట్టిన ఇంటి పన్ను, అంటే మున్సిపాలిటీకి కట్టేది, ఒక 4,000 అనుకుందాం, తీసేస్తే 1,40,000. ఇందులో 30 శాతం, అంటే 42,000 ప్రభుత్వమే ఖర్చుల కింద వదిలేస్తుంది. మిగిలిన 98,000 ఆదాయం. అప్పు చేసి కొని ఉంటే ఆ వడ్డీ కూడా తీసేసుకోవచ్చు, అమ్మకి అప్పు లేదు. అంతే లెక్క. ఆ 30 శాతానికి మనం రసీదులు చూపించక్కర్లేదు. సున్నం వేయించామా, మోటారు బాగుచేయించామా, అద్దె అగ్రిమెంటు రాయించామా, అద్దె ఎగ్గొట్టిన వాళ్ళకి లాయరు నోటీసు ఇప్పించామా అని ఎవరూ అడగరు. రూపాయి ఖర్చు కాకపోయినా 42,000 వదులుతారు, లక్ష ఖర్చయినా అంతే వదులుతారు. లాయరు ఫీజుని విడిగా తీసుకునే దారి అక్కడ లేదు. 1961 చట్టం పోయి 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చినా సెక్షన్ల నంబర్లు మారాయి గానీ ఈ పద్ధతి మారలేదు.

"అయినా మీకిప్పుడు ఆ బెంగ లేదండీ. కొత్త పద్ధతిలో 12 లక్షల లోపు ఆదాయానికి రిబేటు ఉంది. మీ పెన్షనూ అద్దే కలిపినా పన్ను పడదు" అన్నారు. అమ్మ మొహం వెలిగింది. "అయితే ఆ రసీదులు పారేయొచ్చా?" అంది.

"అయ్యో, అస్సలు వద్దు" అని ఆయన పెరుగన్నం పక్కన పెట్టి మరీ చెప్పారు.

ఇల్లు కొనేటప్పుడు లాయరుకిచ్చిన ఫీజు ఇంటి ధరలో భాగం. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు, డాక్యుమెంట్ రైటర్‌కిచ్చింది, బ్రోకరు కమీషను, అన్నీ అంతే. అవి అద్దె లెక్కలోకి రావు, ఇల్లు అమ్మిన రోజున లెక్కలోకి వస్తాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపితే ఏడున్నర శాతం. నలభై లక్షల మీద మూడు లక్షలు. లాయరుకి 12,000. డాక్యుమెంట్ రైటర్‌కి 6,000. బ్రోకరుకి 40,000. అంటే అమ్మ ఫ్లాటు అసలు ఖరీదు 40 లక్షలు కాదు, 43,58,000.

రేపెప్పుడో దాన్ని 60 లక్షలకి అమ్మారనుకోండి. కాగితాలు లేకపోతే లాభం 20 లక్షలు. కాగితాలుంటే 16,42,000. కొని రెండేళ్ళు దాటాక అమ్మితే ఆ లాభం మీద పన్ను 12.5 శాతం. ఇందాక చెప్పిన రిబేటు ఈ లాభానికి వర్తించదు. రెండు లెక్కలకీ తేడా 44,750 రూపాయలు, సెస్సు కాకుండా. లాయరు ఫీజు ఒక్కటే చూస్తే 1,500 మాత్రమే. కానీ చిన్న చిన్న కాగితాలన్నీ కలిస్తే అమ్మకి దాదాపు నాలుగు నెలల అద్దె.

ఇదివరకు ధరల పెరుగుదలని బట్టి కొన్న ధరని పెంచి చూపించుకునే వెసులుబాటు ఉండేది. 2024 జులై 23 తర్వాత కొన్న ఇళ్ళకి అది లేదు. అంతకుముందు కొన్నవాళ్ళకి, మన దేశంలోనే ఉండేవాళ్ళకి, పాత పద్ధతిలో 20 శాతమా, కొత్త పద్ధతిలో 12.5 శాతమా అని చూసుకుని ఏది తక్కువైతే అది కట్టే వీలుంది. అమ్మలా ఇప్పుడు కొంటున్నవాళ్ళకి మాత్రం ధర పెంచి చూపించే ఆసరా పోయింది కాబట్టి, నిజంగా ఖర్చయిన ప్రతి రూపాయికీ కాగితం ఉండటం ఇంకా ముఖ్యమైంది.

ఇక్కడ ఇంకో కిటుకుంది. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు దస్తావేజు మీదే కనిపిస్తాయి, ఎన్నేళ్ళయినా చెరగవు. లాయరు ఫీజు, బ్రోకరు కమీషను దస్తావేజులో ఎక్కడా ఉండవు. రసీదు లేకపోతే ఆ ఖర్చు జరగనట్టే. లాయరమ్మగారిని రసీదు అడిగితే, "ఇన్నేళ్ళ ప్రాక్టీసులో ఇల్లు కొనేవాళ్ళు నన్ను రసీదు అడగడం తక్కువమ్మా" అని నవ్వుతూనే లెటర్‌హెడ్ మీద రాసిచ్చారు. అమ్మ పేరు, ఫ్లాటు నంబరు, ఏ పనికి, ఎంత, ఏ తారీఖు. డబ్బు అమ్మ ఖాతాలోంచే పంపాం. నేను నా ఫోన్లోంచి కొట్టేస్తే సులువే, కానీ రేపు అది అమ్మ ఖర్చని చూపించడం కష్టం.

అప్పుడు అమ్మ అసలు ప్రశ్న అడిగింది. "మరి మొదటి ఫ్లాటుకిచ్చిన ఎనిమిది వేలో?"

ఆడిటరుగారు తల అడ్డంగా ఊపారు. కొనని ఇంటికి పెట్టిన ఖర్చు కొన్న ఇంటి ధరలో కలవదు. అద్దెలోంచీ తీయడానికి లేదు. పన్ను లెక్కల్లో దానికి చోటే లేదు. పుస్తకంలో నా పెన్ను ఆగింది కూడా సరిగ్గా అక్కడే.

"పోనీలే బాబూ" అంది అమ్మ. "నలభై లక్షలు నిలబెట్టింది ఆ ఎనిమిది వేలే."

మా చెల్లెలు ఇంగ్లండులో ఉంటుంది. వాళ్ళకీ అద్దెకిచ్చిన ఫ్లాటొకటి ఉంది. ఆ ఆదివారం వీడియో కాల్‌లో ఈ కథంతా చెబితే, "అక్కా, ఇక్కడా అంతే" అంది. అక్కడ ఇల్లు కొనేటప్పుడు సొలిసిటర్‌కిచ్చే ఫీజు పెట్టుబడి ఖర్చు కిందే లెక్క, అద్దెలోంచి తీయనివ్వరు. అమ్మేటప్పుడు లాభంలోంచి తీసుకోవాలి. వాళ్ళ స్టాంపు డ్యూటీ సంగతీ అదే. తేడా ఎక్కడంటే, అక్కడ మనలా 30 శాతం టోకున వదిలెయ్యరు. నిజంగా అయిన ఖర్చులే చూపించాలి. కాబట్టి అద్దె బాకీ వసూలుకి లాయరుకిచ్చిన ఫీజు, ఏడాదీ అంతకన్నా తక్కువ కాలానికి ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు అయిన లీగల్ ఫీజు లాంటివి వాళ్ళు అద్దెలోంచి తీసుకోవచ్చు, మనకి అవి ఆ 30 శాతంలోనే మునిగిపోతాయి. సొలిసిటర్ బిల్లులు ఈమెయిల్‌లో ఉన్నాయని ఇన్నాళ్ళూ ఊరుకుందట మా మరిది. చెల్లెలు ఆ రాత్రే అన్నీ ఒకచోట చేర్చి దాచింది.

ఆడిటరుగారు వెళ్ళేముందు చెప్పిన ఇంకో మాట మీకు తప్పకుండా చెప్పాలి. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఇంటిని పిల్లలు అమ్మితే, ఆ లెక్కలో కొన్న ధర అంటే తల్లిదండ్రులు కొన్నప్పటి ధరే. కాబట్టి అమ్మ దాచిన రసీదులు అమ్మ తర్వాత కూడా పనికొస్తాయి. ఇల్లు ఒక్కటే ఇచ్చి ఫైలు ఇవ్వకపోతే పిల్లలు ఆ 3,58,000 మీద కూడా పన్ను కట్టుకోవాలి.

ఇంట్లో ఇలాంటి కాగితాలు ఎక్కడుంటాయో తెలిసేది ఎవరికండీ? మగవాళ్ళు సంతకం పెట్టి, ఫోటో దిగి, స్వీట్లు పంచి వెళ్ళిపోతారు. దస్తావేజు లాకరుకెళ్తుంది. లాయరు రసీదు, ఈసీ, బ్రోకరు కాగితం సోఫా మీద మిగిలిపోతాయి. వాటిని తీసి బీరువాలో పెట్టేది మనమే. ఇల్లు మన పేరున లేకపోయినా ఆ పని మనదే. అందుకే మీ ఇంట్లో అద్దెకిచ్చిన ఇల్లుంటే ఈ ఆదివారం ఒక గంట కేటాయించి ఒక్క ఫైలు చేయండి. సేల్ డీడ్ జిరాక్సు, రిజిస్ట్రేషన్ చలానాలు, లాయరు రసీదు, లీగల్ ఒపీనియన్, బ్రోకరు రసీదు, డబ్బు వెళ్ళినట్టు బ్యాంకు స్టేట్‌మెంటు పేజీ, ఏటా కట్టే ఇంటి పన్ను రసీదులు. పాత రసీదుల అచ్చు వెలిసిపోతుంది, వాటికి జిరాక్సు తీసి పెట్టండి. అమ్మేటప్పుడు లాయరుకీ బ్రోకరుకీ ఇచ్చేదానికి కూడా రసీదు తీసుకోండి, అది కూడా లాభంలోంచి తీసేసుకోవచ్చు. మీ ఆదాయం, మీ పద్ధతి వేరుగా ఉంటాయి కాబట్టి కట్టేముందు మీ ఆడిటరుని ఒకసారి అడగండి.

మొదటి ఫ్లాటు లాయరు రిపోర్టుని కూడా అమ్మ తన ఫైల్లోనే పెట్టింది. "దానికి లెక్కలో చోటు లేదన్నారు కదమ్మా" అంటే, "నా ఫైల్లో ఉందిలే" అంది. మొన్న మళ్ళీ లాయరమ్మగారి దగ్గరికి వెళ్దామంది, వీలునామా రాయించాలట. ఫ్లాటు అన్నయ్యకీ, నాకూ, చెల్లెలికీ సమానంగా. అన్నయ్యే కారులో తీసుకెళ్ళాడు. ఆ వీలునామాకిచ్చిన ఫీజు ఏ లెక్కలోకి వస్తుందో మేమెవరం అడగలేదు. ఖర్చుల పుస్తకంలో మాత్రం ఒక కొత్త వరుస గీసి, పైన 'అమ్మ' అని రాసి, ఎనిమిది వేలూ అదీ కలిపి అందులో వేశాను.